కడుపులో తోట, గోడకు కిటికీ

ఆల్చిప్ప బతుకంతా ఒక తలుపు చుట్టూ తిరుగుతుంది. రెండు చిప్పలు, వాటి మధ్య ఎముక లేని మెత్తటి ఒళ్లు. పీత గోకినా, చేప మూతి తగిలినా, పైన నీడ కదిలినా తలుపు పడాల్సిందే. తీసి ఉంచిన ఆల్చిప్ప ఎవరికో ఒకరికి ఆ పూట భోజనం అయిపోతుంది. అయితే ఈ జాతిలోనే కొందరు ఒంట్లో తోట వేసుకున్నారు. ఆ తోటకు ఎండ కావాలి. తలుపు తీస్తే శత్రువు, మూస్తే చీకటి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

తోట అన్నది ఊరికే అన్న మాట కాదు. పగడాల ఒంట్లో ఉండి వాటిని పోషించే ఏకకణ నాచు గురించి చాలామంది వినే ఉంటారు. శాస్త్రవేత్తలు జూజాంథెల్లే అని పిలిచే ఆ బంగారు గోధుమ రంగు కణాలు ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు నూరో వంతు ఉంటాయి. ఆ కుటుంబానికి చెందిన నాచే కొన్ని ఆల్చిప్పల్లోనూ కాపురం పెట్టింది. ఆల్చిప్ప ఊపిరి వదిలితే వచ్చే కార్బన్ డయాక్సైడు, ఒంట్లోంచి వ్యర్థంగా పోవాల్సిన అమ్మోనియా నాచుకు ఎరువు. నాచు ఎండలో వండుకున్న చక్కెరల్లో పెద్ద వాటా ఆల్చిప్పకు దక్కుతుంది. పగడపు దిబ్బల చుట్టూ ఉండే నీళ్లు చూడ్డానికి తేటగా, అందంగా ఉంటాయి కానీ వాటిలో తిండి తక్కువ. నీళ్లను వడగట్టుకుని బతికే జీవికి అది కరువు ప్రాంతమే. అక్కడ సొంత పెరడు ఉన్నవాడిదే రాజ్యం.

ఈ పెరటి సాగులో పేరు మోసినవి రాక్షస ఆల్చిప్పలు, అదే జెయింట్ క్లామ్‌లు. పన్నెండు జాతుల దాకా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది మీటరుకు పైగా పెరిగి రెండు వందల కిలోలు దాటుతుంది. మన లక్షద్వీప్, అండమాన్ దిబ్బల మీద కూడా వీటి చిన్న బంధువులు ఉన్నాయి, వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి కాపలా. ఇవి తలుపు తీసే దారినే ఎంచుకున్నాయి. పగలంతా చిప్పలు బార్లా తెరిచి, నీలాకుపచ్చ మెరుపుల మాంసపు అంచును ఎండకు పరుస్తాయి. ఆ మెరుపు సోకు కోసం కాదని 2014లో అమెరికా శాస్త్రవేత్త ఆలిసన్ స్వీనీ బృందం చూపించింది. మెరిసే కణాలు వెలుగును లోపలికి చెదరగొట్టి, కింద నిలువు స్తంభాలుగా పేర్చి ఉన్న నాచుకు పక్కల నుంచి సమంగా పంచుతాయి. యేల్ విశ్వవిద్యాలయంలో ఆమె బృందం 2024లో ఇంకో లెక్క వేసింది. ఈ అమరిక కదలకుండా ఉంటే కాంతిని వాడుకునే సామర్థ్యం 42 శాతం, వెలుతురును బట్టి ఒళ్లు సాగదీసుకుంటూ సర్దుకుంటే 67 శాతం. ఇంత లాభం ఉన్నా తలుపు తీసే ఉంచాలి. రెండు వందల కిలోల ఒంటికీ, బండలాంటి చిప్పకూ ఆ ధీమా చెల్లుతుంది. అరచేతిలో ఇమిడే ప్రాణికి చెల్లదు.

అలాంటి చిన్న ప్రాణే హార్ట్ కాకిల్. శాస్త్రీయ నామం కార్కులమ్ కార్డిస్సా, మనం గుండె ఆల్చిప్ప అనుకుందాం. సాధారణంగా అయిదారు సెంటీమీటర్లకు మించదు. హిందూ మహాసముద్రం, పసిఫిక్ మహాసముద్రాల వెచ్చటి లోతులేని నీళ్లలో, పగడపు దిబ్బల దగ్గర ఇసుక మీద పడి ఉంటుంది. తెలుపు, లేత పసుపు, గులాబి. పైనుంచి చూస్తే పేక ముక్క మీది ఆటీను గుర్తు ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. చేతిలోకి తీసుకుని చూస్తే ఒక తమాషా కనపడుతుంది. మామూలు ఆల్చిప్పలో పైచిప్ప ఒకటి, కిందిచిప్ప ఒకటి అనుకుంటాం కదా. ఇక్కడ రెండు చిప్పలూ కలిసే గీత గుండె బొమ్మ నడి మధ్యలోంచి నిలువునా పోతుంది. అంటే ఎడమ సగం ఒక చిప్ప, కుడి సగం ఒక చిప్ప. ఇదే కుటుంబానికి చెందిన తక్కిన కాకిల్ ఆల్చిప్పలు ఉబ్బెత్తుగా గుండ్రంగా ఉంటే, దీన్ని ముందు నుంచీ వెనక నుంచీ నొక్కేసినట్టు బల్లపరుపుగా ఉంటుంది. ఎండకు ఎక్కువ ఒళ్లు చూపించడానికి వచ్చిన రూపం ఇది. దీపానికి ఎదురుగా పట్టుకుంటే రెండో తమాషా. ఎండ వైపు ఉండే ముఖం నిండా చిన్న చిన్న మచ్చలు, కొన్ని ముక్కోణాలుగా, కొన్ని చారలుగా, వెలుతురును లోపలికి వదులుతూ కనపడతాయి. ఇసుకకు ఆనుకుని ఉండే కింది ముఖం మాత్రం మామూలు చిప్పే. పెంకుటింట్లో వంటగది చీకటిగా ఉంటే మధ్యలో ఒక గాజు పెంకు వేయిస్తారే, అదే ఏర్పాటు. తలుపు తీయనక్కర్లేదు, ఎండ దానంతటదే లోపలికి వస్తుంది.

లిన్నేయస్ 1758లోనే ఈ జీవికి పేరు పెట్టాడు. అందమైన చిప్ప కాబట్టి ఆ తర్వాత రెండు శతాబ్దాల పాటు గవ్వలు సేకరించేవాళ్ల అరల్లోకి చేరుతూనే ఉంది. లోపల ఏముందో పట్టించుకున్నవాళ్లు తక్కువ. చిప్ప అందంగా ఉండటం ఒక్కోసారి జీవికి చేటు. జనం చిప్పను దాచుకుంటారు, జీవిని పారేస్తారు. ఈ ఆల్చిప్ప నాచుతో కలిసి బతుకుతోందన్న సంగతిని వివరంగా రాసినవాడు జపాన్ శాస్త్రవేత్త సిరో కవగుతి. ఆ వ్యాసం 1950లో హవాయి విశ్వవిద్యాలయం వెలువరించే పసిఫిక్ సైన్స్ పత్రికలో వచ్చింది. అప్పటికి హవాయి ఇంకా అమెరికా రాష్ట్రం కాలేదు.

తర్వాతి కథ చాలావరకూ అమెరికాలోనే నడిచింది, అదీ తీరిగ్గా. 1986లో వాట్సన్, సిగ్నర్ అనే ఇద్దరు ఈ ఆల్చిప్ప కిటికీలు ఎలా కట్టుకుంటుందో చూశారు. కిటికీ ఉన్న చోట చిప్పలో స్ఫటికాల అల్లిక మిగతా చోట్ల కంటే వేరుగా ఉంది. 1997లో కార్టర్, ష్నైడర్ ఇంకో అడుగు లోపలికి వేశారు. కిటికీల అడుగున, చిప్ప లోపలి వైపు చిన్న చిన్న బొడిపెలు ఉన్నాయనీ, అవి వెలుగును కూడగట్టే కటకాలనీ రాశారు. 2001లో ఫార్మర్, ఫిట్, ట్రెంచ్ అసలు నాచు ఒంట్లో ఎక్కడ ఉందో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద గాలించారు. రాక్షస ఆల్చిప్పల్లో లాగానే ఇక్కడా ఒకే కణం మందం గోడలున్న సన్నటి గొట్టాల వ్యవస్థ ఉంది. నాచు ఉండేది ఆ గొట్టాల్లో. పగడం నాచును తన కణం లోపలే ఉంచుకుంటుంది. ఆల్చిప్ప అలా కాక వేరే గదులు కట్టించి ఇచ్చిందన్నమాట. ఈ మూడు పనుల్లో దేనికీ పత్రికల్లో పెద్ద శీర్షికలు రాలేదు. నా మట్టుకు నాకు 1997 నాటి కటకాల వ్యాసమే వీటిలో గట్టిది. దాని తర్వాత ఎవరో ఒకరు కొలతలు తీయక తప్పని స్థితి వచ్చింది.

కొలతలు తీసినవాళ్లు 2024 నవంబరులో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. ముందు నిలిచిన పేరు డకోటా మెకాయ్. ఆమె ఇప్పుడు షికాగో విశ్వవిద్యాలయంలో ఉన్నారు. ఆమెతో పాటు స్టాన్‌ఫర్డ్ నుంచి జెనిఫర్ డియోన్, డ్యూక్ విశ్వవిద్యాలయం నుంచి జీవుల కాంతిశాస్త్రంలో పెద్దపేరున్న సోంకె జాన్సెన్, మరికొందరు. మెకాయ్ అంతకుముందు హార్వర్డ్‌లో ఉండగా స్వర్గ పక్షుల నల్లటి ఈకల మీద పనిచేశారు. వెలుగును దాదాపు మొత్తం మింగేసి కాటుక కంటే నల్లగా కనపడే ఈకలవి. మింగే పదార్థం మీద పని చేసిన మనిషి ఈసారి వెలుగును వదిలే పదార్థం పట్టుకున్నారు. రెండు చోట్లా కీలకం ఒక్కటే. అక్కడా ఇక్కడా పని చేసేది రంగు కాదు, అతి చిన్న కొలతల్లో ఉన్న కట్టడం.

మొదటి కొలత: కిటికీల ముఖం కంటికి కనిపించే వెలుగులో సగటున సుమారు 31 శాతాన్ని లోపలికి వదులుతోంది. అతినీలలోహిత కిరణాలను మాత్రం 12 శాతమే. చిప్పను బట్టి ఈ అంకెలు చాలా అటూ ఇటూ అవుతాయి. అయినా మంచి వెలుగుకు దారి, చెడ్డ వెలుగుకు అడ్డు అన్న తేడా నిలకడగా ఉంది. అతినీలలోహితం నాచు డీఎన్ఏను దెబ్బ తీస్తుంది. పగడం లాంటి జీవులు తమ నాచును వదిలించుకునే పరిస్థితిని అది ఇంకా దిగజారుస్తుంది. ఉష్ణమండలపు లోతులేని నీళ్లలో, నడినెత్తిన సూర్యుడితో, 31 శాతం వెలుగంటే నాచుకు కరువేమీ కాదు. అంతకు మించితే అదీ బాధే.

అసలు చిక్కు ఇక్కడుంది. ఆల్చిప్ప చిప్ప కాల్షియం కార్బొనేట్. సున్నపురాయి ఏ పదార్థమో ఇదీ అదే. కాకిల్స్ వాడేది దాని స్ఫటిక రూపాల్లో అరగొనైట్ అనేది. స్వచ్ఛమైన అరగొనైట్ స్ఫటికం గాజులా పారదర్శకంగా ఉంటుంది. మరి చిప్ప తెల్లగా, మొద్దుగా ఎందుకుంటుంది? అమరిక వల్ల. మామూలు కాకిల్ చిప్పలో సన్నటి పలకలు ఒక వరస ఇటు, ఒక వరస అటు, ఒకదానికొకటి అడ్డంగా పేర్చి ఉంటాయి. ఎక్కడైనా బీట పుడితే నాలుగు అడుగులు వేయకుండానే అడ్డుపలక తగిలి ఆగిపోతుంది. బలానికి ఇంతకంటే మంచి పేర్పు లేదు. వెలుగుకు మాత్రం ఇదొక చక్రబంధం. పలక మారిన ప్రతిచోటా దారి మళ్లి, చెదిరి, చివరికి వచ్చిన దారినే బయటికి పోతుంది. మన కంటికి అది తెలుపు.

గుండె ఆల్చిప్ప కిటికీ దగ్గర ఈ పేర్పు వదిలేసి, అదే పదార్థాన్ని పోగులుగా పేర్చుకుంది. ఒక్కో పోగు మందం సుమారు ఒక మైక్రాన్, తల వెంట్రుకలో యాభయ్యో వంతో వందో వంతో. చిప్ప బయటి ముఖం నుంచి లోపలికి, వెలుగు వచ్చే దిక్కుగా, వేల పోగులు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. నిలబడటమే కాదు, ప్రతి పోగులోనూ స్ఫటికం ఒకే అక్షం మీద సర్దుకుని ఉంటుంది. ఇందులో ఎంత తెలివి ఉందో చూడాలంటే కాస్త భౌతికశాస్త్రం ఓర్చుకోవాలి. అరగొనైట్‌కు వక్రీభవన గుణకం ఒకటి కాదు, మూడు: 1.530, 1.681, 1.685. వెలుగు ఏ దిక్కున కంపిస్తోందన్నదాన్ని బట్టి స్ఫటికం దాన్ని ఎంత నెమ్మది చేయాలో తేలుతుంది. పోగులు అడ్డంగా పడి ఉంటే, ఒక పోగులో 1.53, పక్క పోగులో 1.68 అవుతూ ప్రతి సరిహద్దులోనూ వెలుగు తడబడుతుంది. స్ఫటికంలో సీ అనే పొడవు అక్షం వెంట వెలుగు ప్రయాణిస్తే 1.530తో దానికి పనే పడదు. దాని కంపనమంతా మిగిలిన రెండు దిక్కుల్లోనే. 1.681కీ 1.685కీ తేడా 0.004. పోగులు తమ అక్షం చుట్టూ ఎటు తిరిగి ఉన్నా వెలుగుకు ఆ సంగతి తెలియనే తెలియదు. పక్కపక్కనే వేల గోడలున్నా, దానికి అది ఒకటే నడవ. ఆల్చిప్ప పోగులు నిలబడిందీ ఈ అక్షం వెంటే.

మెకాయ్ బృందం కంప్యూటర్‌లో రకరకాల ఊహా చిప్పలు కట్టి చూసింది. పోగు మందం పెంచారు, తగ్గించారు. పోగుల బదులు పలకలు పెట్టారు. అక్షం దిక్కు మార్చారు. ఆల్చిప్ప నిజంగా వాడుతున్న మందం, ఆకారం, దిక్కు మిగతా చాలా నమూనాల కంటే ఎక్కువ వెలుగును వదిలాయి.

ఇక వార్తలకెక్కిన భాగం. పోగుల కట్ట, ప్రతి పోగులోంచీ వెలుగు పారటం: ఇది ఆప్టికల్ ఫైబర్ కట్ట. ఊళ్లలో ఏపీ ఫైబర్‌నెట్, టీ-ఫైబర్ తీగలు లాగుతుంటే చూసినవాళ్లకు ఫైబర్ అంటే ఇంటర్నెట్టే. కానీ ఫైబర్ కట్టకు మొదటి ఉద్యోగం బొమ్మలు మోయడం. పంజాబ్‌లోని మోగాలో పుట్టి తర్వాత అమెరికాలో స్థిరపడిన నరీందర్ సింగ్ కపానీ, తన గురువు హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి 1954లో నేచర్ పత్రికలో రాసిన వ్యాసం సరిగ్గా దీని గురించే. సన్నటి గాజు పోగులను కట్టగా కట్టి, ఒక కొస దగ్గరి బొమ్మను రెండో కొసకు చేర్చవచ్చని చూపించారు. ఒక్కో పోగు బొమ్మలో ఒక్కో చుక్కను మోస్తుంది. డాక్టర్లు కడుపులోకి దింపి చూసే ఎండోస్కోపు ఆ దారిలోనే వచ్చింది. గుండె ఆల్చిప్ప కిటికీ కూడా ఈ పని చేస్తోంది. చిప్ప ఒక ముఖాన బొమ్మ పెడితే రెండో ముఖాన అది కనపడుతోంది, అదీ మిల్లీమీటరుకు వంద గీతలకు పైగా విడివిడిగా తెలిసేంత స్పష్టంగా.

వార్తలు దీన్ని మనకంటే ముందే ఫైబర్ ఆప్టిక్స్ కనిపెట్టిన ఆల్చిప్పగా చెప్పుకున్నాయి. వినడానికి బాగుంది కానీ, నాకది కథలో చిన్న భాగం. లోపల ఉన్న నాచుకు కళ్లు లేవు. బొమ్మ స్పష్టంగా వచ్చినా, మసకగా వచ్చినా దానికి ఒకటే. బొమ్మ రావడం చక్కటి అమరికకు ఊరికే దొరికిన కొసరు. పైగా టెలికాం తీగలో వెలుగు పారే గాజు గుండెకాయ చుట్టూ క్లాడింగ్ అనే తొడుగు తప్పకుండా ఉంటుంది, వెలుగు పక్కకు జారిపోకుండా. ఈ చిప్పలో అలాంటి తొడుగులు లేవు, పోగుకు పోగు ఆనుకునే ఉంది. ఇంజనీర్లకు ఆసక్తి పుట్టాల్సింది ఈ తొడుగు లేకపోవడం దగ్గర. సముద్రంలో వెలుగును మోసే పోగు ఇదే మొదటిది కూడా కాదు. లోతు సముద్రపు గాజు స్పంజి వేళ్లలాంటి పోగులు ఆప్టికల్ ఫైబర్‌లా వెలుగును మోస్తాయని 2003లోనే అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జోవన్నా ఐజెన్‌బర్గ్ బృందం చూపించింది. అవి ఒంటరి పోగులు. కట్టగా కట్టిన ఫైబర్లు ఒక జీవిలో కనపడటం, తమకు తెలిసినంతలో, ఇదే తొలిసారి అని మెకాయ్ బృందం అంటోంది. ఆ మాట వరకూ ఒప్పుకోవచ్చు.

పోగుల కింద కటకాలున్నాయి, 1997లో చూసినవే. ఇప్పుడు వాటికి కొలతలు వచ్చాయి. ఒక్కోటి మిల్లీమీటరులో ముప్పావు వంతు వెడల్పు. కిటికీలోంచి వచ్చిన వెలుగు అలాగే వదిలేస్తే మాంసపు పైపొరలోనే చాలావరకు ఖర్చయిపోతుంది. కటకం దాన్ని ఒక సన్నటి ధారగా కూడగట్టి లోపలి పొరల దాకా దింపుతుంది. అడుగున ఉన్న నాచుకూ వంతు అందుతుంది. కిరణజన్య సంయోగక్రియ కోసం వెలుగును కటకంతో కూడగట్టడం మొక్కల ఆకుల పైపొర కణాల్లో ఉంది. ఇక్కడ ఆ పని చేసేది ఒక జంతువు, అదీ రాతిలాంటి చిప్పతో చేసిన కటకంతో.

పోనీ చిప్పను పల్చగా చేసుకుంటే సరిపోయేది కదా అనిపించవచ్చు. దీని బంధువుల్లో కొన్ని చేసిందీ అదే. ఈ ఆల్చిప్పలది ఫ్రాజినే అనే ఉపకుటుంబం. రాక్షస ఆల్చిప్పలకు దాయాదులు. కానీ ఈ రెండు శాఖలకూ నాచు సాగు ఉమ్మడి ఆస్తిగా రాలేదనీ, ఎవరికి వారే విడిగా నేర్చుకున్నారనీ జన్యు ఆధారాలు చెబుతున్నాయి. కీర్తి మాత్రం పెద్దవాటికే దక్కింది. లీసా కర్కెండేల్ 2009లో ఈ చిన్నవాటి వంశవృక్షం మీద వెలువరించిన వ్యాసం శీర్షికలోనే వీటిని రెండో గుంపు అంటూ కొటేషన్ గుర్తుల్లో పెట్టారు. ఆ చమత్కారంలో ఎవరూ పట్టించుకోలేదన్న చురక కూడా ఉంది. ఈ గుంపులో అన్నీ ఒకేలా బతకవు. కొన్ని ఇసుకలో సగం కూరుకుని మాంసపు అంచును కాస్త బయటికి పెడతాయి. కొన్ని చిప్ప మొత్తాన్నీ పల్చగా, వెలుగు సోకేలా ఉంచుకుంటాయి. కిటికీ, పోగు, కటకం మూడూ చేయించుకున్న షోకిలా గుండె ఆల్చిప్ప.

పల్చటి చిప్పతో నెగ్గుకొచ్చినవాటిలో ఫ్రాగమ్ ఎరుగేటమ్ ఒకటి. ఇది వేలిగోరంత. ఉండేది పడమటి ఆస్ట్రేలియాలోని షార్క్ బే. అక్కడ ఇవి పెరిగే చోట నీళ్లు మామూలు సముద్రానికి దాదాపు రెట్టింపు ఉప్పు. శత్రువుల్లో చాలామంది ఆ ఉప్పుకు తట్టుకోలేరు. పోటీదారులూ లేరు. తిండీ అంతంతే, కానీ ఒంట్లో నాచు ఉంది. దాంతో ఈ చిట్టి ఆల్చిప్పలు లెక్కకు మిక్కిలిగా పెరిగాయి. వాటి చిప్పలే పేరుకుని షెల్ బీచ్ అనే తీరం అయ్యింది, అరవై కిలోమీటర్లకు పైగా, ఇసుక అన్నది లేకుండా. చిప్పలు కాలక్రమంలో అతుక్కుని బండలైతే వాటిని కోసి డెన్‌హమ్ ఊళ్లో కట్టడాలకు వాడారు. అక్కడి చర్చి ఆ బండలతో కట్టిందే. ఈ చిప్పల తీరాన్ని తలచుకుంటే, కంటికి కనపడని నాచు ఎంత రాయిని కట్టించగలదో తెలుస్తుంది.

అమెరికా ప్రధాన భూభాగంలో చిత్రం వేరు. ఫ్లోరిడా తీరాల్లో దొరికే అట్లాంటిక్ స్ట్రాబెరీ కాకిల్ ఈ ఫ్రాజినే శాఖదే, కానీ దానికి నాచు లేదు. అట్నుంచి పసిఫిక్ వైపు, ఓరెగాన్ రాష్ట్రంలోని యాక్వీనా బేలో నటాల్ కాకిల్ అని ఒకటుంది. జనం తవ్వుకుని తింటారు. స్థానికంగా దాన్నీ హార్ట్ కాకిల్ అనే పిలుస్తారు. అది ఈ శాఖ కాదు, దూరపు చుట్టం. దాని మాంసంలో పచ్చటి నాచు కనపడుతోందని 1976లో రాశారు. ఆ వ్యాసం శీర్షికలో నాచును సహజీవి అంటూనే, అది పట్టిన తీరుకు రోగం సోకిందనే అర్థం వచ్చే మాట వాడారు. వచ్చినవాడు చుట్టమో దొంగో తేల్చుకోలేని దశ అన్నమాట. గుండె ఆల్చిప్ప పూర్వీకులూ ఏదో ఒకనాడు ఇలాంటి దశ దాటే ఉండాలి. నాచు సాగు మొదట ఎలా మొదలవుతుందో చూడాలనుకునేవాళ్లకు ఓరెగాన్ బురద, పగడపు దిబ్బ కంటే మంచి చోటు కావచ్చు.

మన దగ్గరా ఒక కిటికీ ఆల్చిప్ప ఉంది, వేరే అర్థంలో. కాకినాడ అఖాతంలో దొరికే ప్లాకూనా ప్లాసెంటా చిప్ప పళ్లెంలా చదునుగా, వెలుగు సోకేంత పల్చగా ఉంటుంది. గోవాలో పాత ఇళ్ల కిటికీలకు గాజు బదులు వాడింది ఈ జాతి చిప్పలనే. కాకినాడ వైపు అవి సున్నం బట్టీలకు పోయాయి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు వీటి జీవితాన్ని అక్కడే అధ్యయనం చేశారు. దీని చిప్పా కాల్షియం కార్బొనేటే, కాకపోతే కాల్సైట్ అనే ఇంకో రూపం, పల్చటి రేకులుగా. వెలుగు లోపలికి వస్తుంది కానీ లోపల నాచు లేదు. గోదావరి బురద నీళ్లలో ఎండే అడుగు దాకా దిగదు, ఇక తోటేం పెడుతుంది. పారదర్శకమైన చిప్ప ఉన్నంత మాత్రాన సహజీవనం రాదు. నీళ్లు తేటగా ఉండాలి, వాటిలో తిండి కరువై ఉండాలి, లోపల గొట్టాల ఇల్లు కట్టి ఉండాలి.

ఆ గొట్టాల ఇంట్లోకి నాచును రానిచ్చే తీరు మీద ఇప్పుడు కొలరాడో విశ్వవిద్యాలయంలో, బౌల్డర్‌లో, జింగ్‌చున్ లీ బృందం పనిచేస్తోంది. సముద్రం ఊసే లేని కొండల రాష్ట్రంలో సముద్రపు ఆల్చిప్పల పరిశోధన. ఒంట్లోకి వచ్చిన పరాయి కణాన్ని చంపడం ఏ జంతువుకైనా పుట్టుకతో వచ్చిన గుణం. నాచు ఉన్న ఆల్చిప్ప అందులో మంచివాడిని గుర్తుపట్టి వదిలేయాలి, క్రిమిని మాత్రం చంపాలి. ఈ బృందం 2025 ఆరంభంలో ఒక రాక్షస ఆల్చిప్ప జాతి జన్యుపటాన్ని విశ్లేషించి, ఇలా పోల్చుకునే గ్రాహకాలకు చెందిన జన్యువులు దానిలో ఎక్కువగా ఉన్నాయని చూపింది. పరాయిని గుర్తుపట్టే చూపు ఎంత పదునెక్కితే అంత ధైర్యంగా తలుపు తీయొచ్చు. గుండె ఆల్చిప్ప బయటి తలుపు మూసుకున్నా, ఈ లోపలి తలుపు తీయక తప్పలేదు.

మెకాయ్ బృందం ఫలితాలు వచ్చినప్పటి నుంచీ ఒక ఆశ వినపడుతోంది: ఈ కిటికీల కిటుకు తెలిస్తే పగడాలను కాపాడుకోవచ్చని. సందర్భం అలాంటిది. 2023 జూలైలో ఫ్లోరిడా దక్షిణ కొసన మనాటీ బేలో నీటి ఉష్ణోగ్రత 38 డిగ్రీల సెల్సియస్ దాటింది. 2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా, ప్రపంచమంతటా నాలుగోసారి పగడాలు తెల్లబారుతున్నాయని ప్రకటించింది. వేడికి నాచు యంత్రాంగం గతి తప్పుతుంది, పట్టే ఎండ మాత్రం పడుతూనే ఉంటుంది, దాంతో విషపూరితమైన ఆక్సిజన్ అణువులు పుడతాయి, భరించలేక పగడం నాచును వెళ్లగొడుతుంది. ఆ గొలుసులో గుండె ఆల్చిప్ప కిటికీ రెండు చోట్ల అడ్డుకోగలదు. అతినీలలోహితాన్ని జల్లెడ పడుతుంది, మొత్తం ఎండను మూడో వంతుకు తగ్గిస్తుంది. మొదటి లంకె మీద, అంటే నీటి వేడి మీద, దానికి ఏ అధికారమూ లేదు. చిప్ప బయట ఎంత వేడో లోపలా అంతే, చల్లబరిచే ఏర్పాటు ఆల్చిప్పకు లేదు. 1998లో సముద్రాలు వేడెక్కినప్పుడు గుండె ఆల్చిప్ప కంటే ఎన్నో రెట్లు దిట్టమైన రాక్షస ఆల్చిప్పలే నాచు పోగొట్టుకుని తెల్లబారాయి. కాబట్టి ఈ చిప్ప నుంచి పగడానికి ఏదైనా మేలు వస్తే అది ఎండను సర్దే పాఠంగా రావాలి. తొడుగు లేని ఫైబర్ కోసం, గట్టిగా ఉంటూనే వెలుగును వదిలే పదార్థాల కోసం చూసేవాళ్లకు మాత్రం ఇప్పటికే చేతినిండా పని ఉంది. సముద్రపు నీళ్లలోని కాల్షియం తీసుకుని, కొలిమి లేకుండా, మామూలు నీటి వేడిలో, మైక్రాన్ మందం పోగులన్నిటినీ ఒకే అక్షం మీద ఆల్చిప్ప ఎలా నిలబెడుతోందన్నది వాళ్లు ముందు విప్పాల్సిన ముడి.